పోలియో కాలుతో సైడ్ వీల్స్ స్కూటర్ నడుపుతున్నా. మలుపులో ఒరిగే మూడు చక్రాల బండి నాకు పనికొస్తుందా?

కొర్లగుంట వాసి:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది, కాలికి ఆసరాగా కట్టే క్యాలిపర్ వేసుకుని నడుస్తాను. ఎడమకాలు గట్టిదే. చంద్రగిరిలో ఉద్యోగం. 110 సీసీ స్కూటరుకు వెనక రెండు పక్కలా సైడ్ వీల్స్ బిగించుకుని రోజూ దాని మీదే పోయి వస్తా ఉన్నాను.

బండి ఆగినప్పుడు ఏ బాధా లేదు. లీలామహల్ సర్కిల్లో ఎంతసేపు నిలబెట్టినా కాలు కింద పెట్టే పని లేదు. సమస్యంతా కదిలేటప్పుడే. మన రోడ్లు నడిమధ్య ఎత్తుగా, అంచుకు వాలుగా ఉంటాయి కదా. ఎడమ పక్కన పోతుంటే బండి మొత్తం ఎడమకే ఒరిగి ఉంటుంది. నేను నడుమును కుడికి లాగిపట్టి కూర్చోవాలి. చంద్రగిరి చేరేసరికి కుడి పక్క పట్టేస్తుంది. సాయంత్రం తిరిగి వచ్చాక ఇంట్లో కాసేపు వెల్లకిలా పడుకుంటే గానీ లేవలేను.

మలుపుల్లో ఇంకో రకం. మామూలు బైకు మలుపు వైపు వాలుతుంది. ఇది వాలదు, మనిషిని బయటికి తోస్తుంది. తిరుమల కొండ దిగేటప్పుడు మెలిక మెలికకూ లోపలి చక్రం నేల వదిలేస్తుందేమోనని టెన్షన్. వెనక మా ఆవిడ కూర్చుంటే అది రెట్టింపు.

ఈమధ్య ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి ఉండే బళ్ల వీడియోలు చూశాను. పియాజియో ఎంపీ3, యమహా ట్రైసిటీ, యమహా నైకెన్. మలుపులో ముందు చక్రాలు రెండూ జతగా వాలుతున్నాయి. చూసినకొద్దీ ఆశ పుడుతోంది. నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే మంచీ చెడూ రెండూ చెప్పండి. డబ్బు సంగతి తర్వాత, ముందు నా కాలికి అది సరిపోతుందో లేదో తెలియాలి.

చిత్తూరు బైకర్:

అన్నా, డబ్బు లెక్క లేకపోతే నైకెనే. 2018లో వచ్చింది, 847 సీసీ, మూడు సిలిండర్లు, 45 డిగ్రీల దాకా వాలుతుంది. ముందు రెండు టైర్లు కాబట్టి ఇసుక మీద కూడా పట్టు ఉంటుంది. మొగిలి ఘాట్‌లో అలాంటి బండి నడపాలని నాకు ఎప్పటినుంచో కోరిక. మూడు చక్రాలు కదా, పడే చాన్సే లేదు.

పీలేరు టు పారిస్:

తమ్ముడూ, నీ చివరి మాట ఒక్కటీ తప్పు. అది నమ్మి కొన్నవాళ్లకు దెబ్బలు తగులుతాయి కాబట్టి ముందు దాని గురించే చెప్తాను.

సైడ్ వీల్స్ బండి తనంతట తాను నిలబడుతుంది, ఆటో లాగే. ఒరిగే బండి అలా కాదు. ముందు రెండు చక్రాలనూ నాలుగు కడ్డీల చట్రం కలుపుతుంది. ఒక చక్రం పైకి లేస్తే రెండోది కిందికి దిగుతుంది, అందుకే బండి వాలగలుగుతుంది. ఏ కీలు వల్ల మలుపులో వాలుతుందో, ఆ కీలు వల్లే ఆగినప్పుడు పక్కకు పడిపోతుంది. నైకెన్‌కు ఆ వాలును బిగించే లాక్ లేదు. ట్రైసిటీ 125కూ లేదు. సిగ్నల్ దగ్గర మామూలు బైకులాగే కాలు పెట్టాలి. నైకెన్ బరువు 263 కిలోలు. సార్ కుడికాలు ఆ బరువు కింద పడితే ఏమవుతుందో ఆలోచించు.

సార్, ఇప్పుడు మీకు. నేను పారిస్‌లో ఎంపీ3 500 మీద ఆఫీసుకు పోతుంటాను. ఈ ఊళ్లో ఈ బళ్లు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. అందుకు సగం కారణం చట్టమే. ముందు చక్రాల మధ్య దూరం కాస్త పెంచి, 465 మిల్లీమీటర్లు చేసి ఎల్‌టీ అనే మోడల్ తెచ్చారు. దాంతో అది ట్రైసైకిల్ లెక్కలోకి వచ్చింది. కారు లైసెన్సు ఉన్నవాళ్లు ఏడు గంటల ట్రైనింగ్ తీసుకుని నడపొచ్చు, బైకు లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి ఇక్కడ ఇంతమంది కొన్నారంటే అంత సేఫ్ అనుకోకండి.

మంచి మాత్రం నిజంగా ఉంది. చలికాలం వాన పడ్డాక ఇక్కడి రాళ్లు పరిచిన వీధుల్లో బైకు ముందు చక్రం జారిందంటే మనిషి కింద ఉంటాడు, సర్దుకునే టైమే ఉండదు. ఎంపీ3లో ఒక చక్రం తడిసిన ఆకుల మీద జారినా రెండోది పట్టుకుంటుంది. హ్యాండిల్ కాస్త వణుకుతుంది, అంతే. ముందు బ్రేకు ధైర్యంగా నొక్కొచ్చు. మీరు చెప్పిన వాలు రోడ్డు బాధ దీంట్లో అసలు ఉండదు. ఒక చక్రం ఎత్తులో, ఒకటి పల్లంలో ఉన్నా సీటు నిటారుగానే ఉంటుంది. మీ నడుముకు ఇది మేలు చేసే బండే, ఒప్పుకుంటాను. కానీ వెనక చక్రం ఒక్కటే కదా, అది జారితే బైకు జారినట్టే జారుతుంది.

ఇక ఆగడం. ఎంపీ3కి వాలును బిగించే లాక్ ఉంది, 2006లో వచ్చిన మొదటి మోడల్ నుంచీ ఉంది. అది ఎలా పనిచేస్తుందో వివరంగా చెప్తాను, మీ నిర్ణయం దాని మీదే ఆధారపడి ఉంది. ఎర్ర లైటు చూసి యాక్సిలరేటర్ వదిలేస్తాను. బండి దాదాపు ఆగేంత నెమ్మదించాక హ్యాండిల్ మీది స్విచ్చి జరుపుతాను. బీప్ అని వినిపిస్తుంది, ముందు చట్రం బిగుసుకుంటుంది. కాళ్లు ఫుట్‌బోర్డు మీదే ఉంటాయి. కానీ ఆ క్షణానికి బండి ఏ కోణంలో ఉంటే ఆ కోణంలోనే బిగుసుకుంటుంది. కాస్త ఒరిగి ఉందంటే ఒరిగే నిలబడుతుంది, దానంతట అది నిటారు కాదు. వేగం ఎక్కువుంటే లాక్ పడదు. ఆలస్యంగా నొక్కితే అప్పటికే బరువు ఒక పక్కకు వచ్చేసి ఉంటుంది, గబుక్కున కాలు దించాల్సిందే. మళ్లీ యాక్సిలరేటర్ తిప్పగానే లాక్ విడిపోతుంది. ఆ మొదటి గజం దూరం మీ బ్యాలెన్సే దిక్కు. మా ఆఫీసు పార్కింగులో ఒకాయన లాక్ పడిందనుకుని దిగబోయాడు, బండి కుడి పక్కకు ఒరిగిపోయింది. రెండున్నర క్వింటాళ్లకు పైనే ఉంటుంది, ఇద్దరం కలిసి లేపాం.

నాకు రెండు కాళ్లూ ఉన్నాయి కాబట్టి లాక్ తప్పినా కాలు పెట్టి ఆపుకుంటాను. మీకు ఎడమకు ఒరిగితే పర్వాలేదు, కుడికి ఒరిగితే ఆపే కాలు లేదు. తిరుపతిలో సిగ్నల్ దగ్గరే ఆగుతామా? ఆవు అడ్డం వస్తుంది, జీపు ఉన్నట్టుండి ఆగుతుంది, పాదచారి భక్తులు రోడ్డు దాటుతుంటారు. ప్రతిసారీ స్విచ్చి సరైన క్షణంలో నొక్కాలి. అందుకే నేను వద్దంటాను.

గుంతల మాట కూడా. బైకుకు ఒకటే దారి, గుంతను తప్పించవచ్చు. దీనికి మూడు దారులు. ముందు చక్రాల మధ్య గుంతను వదిలి పోదామంటే వెనక చక్రం పోయి దాంట్లోనే పడుతుంది.

జపాన్‌లో హోండా జైరో అని ఇంకో రకం ఉంది, 1982లో మొదలైంది. వెనక రెండు చక్రాలూ నేల మీదే ఉంటాయి, ముందు భాగం మనిషితో పాటు వాలుతుంది. చిన్న ఇంజను, డెలివరీ వాళ్లు వాడతారు. తేలికే గానీ, ఆగినప్పుడు మనిషి కూర్చున్న భాగం ఒరగడం దాంట్లోనూ ఉంది.

రేణిగుంట రోడ్డు మెకానిక్:

స్వామీ, ఆ ఫారిన్ బళ్లు నేను చేత్తో తాకలేదు. కానీ సైడ్ వీల్స్ ఏళ్లుగా బిగిస్తా ఉన్నాను. మీరు చెప్పిన మూడు బాధల్లో రెండిటిని ఉన్న బండి మీదే చాలావరకు తగ్గించవచ్చు.

మీ బండికి సైడ్ సెట్టు నేరుగా చాసిస్‌కు బోల్టు వేసి ఉంటే, అంటే షాకబ్జార్బర్లు లేకుండా ఉంటే, రోడ్డు వాలు మొత్తం మీ నడుము మీదికే వస్తుంది. ఎగుడుదిగుడు నేల మీద నాలుగు కాళ్ల పీట ఎలా ఉంటుందో ఈ బండీ అలాగే. రెండు సైడ్ చక్రాలూ మిట్ట మీద ఉండి మధ్య చక్రం పల్లంలో వేలాడిందంటే, ఇంజను తిప్పేది ఆ మధ్య చక్రాన్నే కాబట్టి బండి కదలదు, చక్రం అక్కడే గిరగిరా తిరుగుతుంది. కంకర రోడ్డులో మీకు ఇది అనుభవమే అయ్యుంటుంది. పక్కకొకటి షాకబ్జార్బరున్న సెట్టు వేస్తే చక్రాలు విడివిడిగా ఆడతాయి, మధ్య చక్రం నేలను వదలదు. వాలు పూర్తిగా పోదు. పోయిందని చెప్పి డబ్బు తీసుకునేవాణ్ని కాను.

ఎడమ సైడ్ టైరు లోపలంచూ వెలుపలంచూ వేలితో తడిమి చూడండి. ఒకవైపే నున్నగా అరిగి ఉంటే సెట్టు వంకరగా కూర్చుందని అర్థం. అది సరిచేస్తేనే హ్యాండిల్ లాగడం తగ్గుతుంది.

కొండ దిగడం గురించి మాత్రం గట్టిగా చెప్తున్నా. దిగే రోడ్డు 1944 నాటిది, మెలికలన్నీ ఇరుకు. 1974లో వేసిన ఎక్కే రోడ్డు అంత బాధ పెట్టదు. సైడ్ చక్రాలకు చాలా బళ్లలో బ్రేకులే ఉండవు. గేర్లు లేని స్కూటరుకు ఇంజను బ్రేకింగూ తక్కువ, బ్రేకు లైనింగు కాలిన వాసన వస్తుంది. మలుపు లోపల బ్రేకు కొట్టొద్దు, మలుపుకు ముందే వేగం చంపేయండి. వెనక అక్కను కూర్చోబెట్టుకుని సైడ్ వీల్స్ మీద దిగడం నాకు ఇష్టం లేదు. ఆమెను బస్సులో రమ్మనండి.

పైగా ఆ మూడు బళ్లలో ఏదీ మన దేశంలో షోరూంలో అమ్మరు. పియాజియో వాళ్లు ఇక్కడ అమ్మేది ‘ఆపే’ (Ape) అనే పేరుతో ఆటోలు, వెస్పాలు, ఏప్రిలియాలు లాంటివి. తెప్పించుకున్నా ముందు చట్రంలో ఒక కీలు అరిగితే ఎవరి దగ్గరికి పోతారు?

కొర్లగుంట వాసి:

పారిస్ అన్నా, మెకానిక్ అన్నా, ఇద్దరికీ దండాలు. లాక్ ఉంటే చాలు, కాలుతో పనిలేదనే అనుకుంటూ వచ్చాను. వీడియోల్లో బండి నిలబడటమే చూపిస్తారు, లాక్ పడకపోతే ఏమిటో ఎవరూ చూపించరు. కుడికి ఒరిగితే ఆపే కాలు లేదన్న మాట చదివాక ఆ బండి ఆలోచన మానుకున్నాను.

ఒరిగే చట్రం, నిలబడినప్పుడు దానంతట అదే బిగిసే లాక్, బరువు నూట యాభై కిలోల లోపు. మా కోసం ఇలాంటిది మన దేశంలో ఎవరైనా చేస్తే బాగుంటుంది. సైడ్ వీల్స్ బళ్ల మీద బతుకు వెళ్లదీస్తున్నవాళ్లు ఒక్క మన జిల్లాలోనే ఎంతమంది లేరు? ఆగినప్పుడు పడకుండా ఉంటే చాలదు, పోయేటప్పుడు నడుము విరగకుండా కూడా ఉండాలని అడిగే హక్కు మాకు ఉంది.

మెకానిక్ అన్నా, నా సెట్టు బోల్టు వేసిందే, షాకబ్జార్బర్లు లేవు. మీరు చెప్పినట్టు తడిమి చూశాను, ఎడమ టైరు వెలుపలంచు నున్నగా ఉంది. ఆదివారం షాపు తీసి ఉంటారా? సెట్టు మారిస్తే ఆర్‌సీలో మళ్లీ రాయించాలా?

రేణిగుంట రోడ్డు మెకానిక్:

ఆదివారం మధ్యాహ్నం దాకా ఉంటాను. ఆర్‌సీ వెంట తెచ్చుకోండి. అడాప్టెడ్ వెహికల్ అని, అంటే వికలాంగుల కోసం మార్చిన బండి అని, ఇప్పటికే రాసి ఉందో లేదో చూడాలి. లేకపోతే ఆర్టీవో ఆఫీసులో ముందు ఆ పని చేయించుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లు రేపు అడిగేది దాన్నే. క్యాలిపర్ వేసుకునే రండి, కాలు ఫుట్‌బోర్డు మీద ఉండగానే ఎత్తు కొలవాలి.