నాన్నకి జబ్బు తగ్గట్లేదంటే మా విశ్వాసం తక్కువనా?

గుంటూరు కుర్రోడు:
అందరికీ వందనాలు. నాన్నకి వారానికి మూడుసార్లు డయాలసిస్, ఏడాదైంది, షాపు కూడా మూసేశాం, మొన్న ఉపవాస కూడికలో ఒకాయన మీ ఇంట్లో విశ్వాసం తక్కువ అందుకే స్వస్థత రావట్లేదు అనేశాడు, అమ్మ ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. నిజంగా అంతేనా?

బెజవాడ అక్క:
ఆ మాట వదిలెయ్ తమ్ముడూ. అపొస్తలుడు పౌలు తన ఒంట్లో ముల్లులాంటి బాధ తీసెయ్యమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నాడు, తియ్యలేదుగా, నా కృప నీకు చాలన్న జవాబే వచ్చింది, బైబిల్లో 2 కొరింథీ 12 చూడు. మరి పౌలుకి విశ్వాసం తక్కువా? మా ఆయన పోయినప్పుడు నాకూ ఇలాగే చెప్పారులే, చెప్పినోళ్లలో ఒక్కళ్లూ క్యారేజీ తెచ్చిన పాపాన పోలేదు.

పటమట బాబాయ్:
13వ కీర్తన చదువు బాబూ, ఆరే వచనాలు, నన్ను ఎన్నాళ్లు మర్చిపోతావయ్యా అని దావీదు దేవుణ్ణే నిలదీస్తాడు అందులో. ఉద్యోగం పోయిన ఏడాది ఫిబ్రవరి 11న గుణదల మేరీమాత కొండెక్కుతూ నేనూ అదే అడిగా, చుట్టూ తిరునాళ్ల జనం, నాకేమో ఏడుపు. జవాబేం రాలా, కానీ అడిగినందుకు సిగ్గుపళ్లా.

గుంటూరు కుర్రోడు:
థ్యాంక్స్ అక్కా, బాబాయ్. ఇప్పుడు వార్డులోనే ఉన్నా, నాన్న పడుకున్నాడు, మిషన్ చప్పుడొకటే. ఫోన్లో 13 తీశా, రాత్రికి అమ్మకి చదివి వినిపిస్తా.