సమస్య: నవలఁ గన్నవాఁడె నవల మఱచె

చిక్కడపల్లి (నిర్వహణ):
ఈ వారం సమస్యాపూరణకు ఆటవెలది పద్యం. ఇచ్చింది నాలుగో పాదం, పై మూడూ మీవి.

నవలఁ గన్నవాఁడె నవల మఱచె

సందర్భం అందరికీ తెలిసిందే. 2001లో పులిట్జర్ అందుకున్న నవలాకారుడు మైకేల్ షేబాన్ అమెరికా అంతరిక్ష సీరియల్ ‘స్టార్ ట్రెక్: పికార్డ్’ రచయితల గదిలో చేరాడు. 2019 జూన్‌లో ఆ సీరియల్‌కు షోరన్నర్ (రచననూ నిర్మాణాన్నీ నడిపే పెద్ద) అయ్యాడు. మొదటి సీజన్ పది భాగాలు 2020 జనవరి నుంచి మార్చి దాకా వచ్చాయి. మన దగ్గర ప్రైమ్ వీడియోలో చూశాం. ‘ఇంత పెద్ద రచయిత మన నావ ఎక్కాడు’ అని మురిసినవాళ్లున్నారు, ‘నావ సంగతి ఈయనకేం తెలుసు’ అని గొణిగినవాళ్లున్నారు. పూరణలో ఏ పక్కన నిలబడ్డా సరే.

కొత్తవాళ్లకు: ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు (మూడు లఘువులు, లేదా గలం, అంటే గురువు, లఘువు), రెండు ఇంద్రగణాలు (నగ, నల, సల, భ, ర, త). రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి (పాదం మొదటి అక్షరంతో మైత్రి), లేదా ప్రాసయతి (రెండో అక్షరాల ప్రాస). ప్రాసనియమం లేదు. సమస్య పాదం చూడండి: నవలఁ, గన్న, వాఁడె, నవల, మఱచె. యతి న–న. ‘మరచె’ అని మామూలు రేఫతో రాసినా గణం మారదు, దాని మీద తగువు వద్దు.

ఒక్క చిట్కా. ‘కన్న’ అంటే చూసిన, ప్రసవించిన. ‘నవల’కూ రెండర్థాలున్నాయి. రెండోది నిఘంటువులో వెతకండి. గడువు ఆదివారం రాత్రి 9.

సీతాఫల్‌మండి:
తెరకు వచ్చి పుటల తీరు మార్చుకొనుచు
నలుగురున్న బల్ల నడుమఁ జేరి
పంక్తి పంక్తిఁ గోయఁ బదునైన కత్తితో
నవలఁ గన్నవాఁడె నవల మఱచె

తార్నాక:
విషయం తెలిసిన పూరణ. నవల ఒక్కడు రాసుకునేది. టీవీకైతే బల్ల చుట్టూ అందరూ కూర్చుని ముందు సీజన్ మొత్తం కథ గోడ మీది బోర్డుకెక్కిస్తారు. తర్వాత భాగాలు విడగొట్టి తలా ఒకటి పంచుకుంటారు. స్క్రిప్టులో ఒక పుట అంటే తెర మీద సుమారు ఒక నిమిషం. నవలలో పాత్ర మనసులో అనుకున్నది నాలుగు పుటలు రాయొచ్చు, ఇక్కడ కెమెరాకు కనపడనిది పుటలో ఉండకూడదు. నవలాకారులు మొదట బోర్లాపడేది అక్కడే. ‘నలుగురున్న బల్ల’ దాన్ని పట్టుకుంది.

చిక్కడపల్లి:
గణాలు, యతులు శుభ్రం. మూడో పాదంలో ఒక చిక్కు. ‘కోయఁ’ అన్నారు, కోసింది ఎవరు? ఆయనా, బల్ల చుట్టూ ఉన్నవాళ్లా? తుమున్నర్థకం (‘కోయగా’ లాంటి రూపం) వాడితే కర్త వేరే వచ్చే వీలుంది, అర్థం గోడ మీద పిల్లిలా ఉంటుంది. ఆయనే కోసుకున్నాడంటే పద్యానికి బలం. ‘కోసి’ అని క్త్వార్థం (అదే కర్త ముందు చేసిన పని చెప్పే రూపం) చేయండి. అది కళ (చివర నకారం లేని పదం) గనుక తర్వాతి పరుషానికి (క చ ట త ప) సరళం (గ జ డ ద బ) రాదు, ‘పదునైన’ అని పకారమే నిలుస్తుంది:

పంక్తి పంక్తిఁ గోసి పదునైన కత్తితో

ముందు ప–బ మైత్రి ఉండేది, ఇప్పుడు ప–ప. అదీ చెల్లేదే, ఇది ఇంకా నయం.

సీతాఫల్‌మండి:
ఒప్పుకున్నాను గురువుగారూ. ‘కోసి’యే.

కూకట్‌పల్లి (మొదటిసారి):
తప్పులుంటే మన్నించాలి.

పికార్డు కథను నడుప పెద్దగా వచ్చెను
పులిట్జరందినట్టి పుణ్యజీవి
పాత నవల లోని భాష మఱచిపోయి
నవలఁ గన్నవాఁడె నవల మఱచె

నల్లకుంట:
తమ్ముడూ, మొదటిసారికి యతులన్నీ పడ్డాయి: పి–పె, పు–పు, పా–భా. మెచ్చుకోవాల్సిందే. తప్పింది రెండు చోట్ల, రెండూ ఒకే జబ్బు. ‘పికార్డు’, ‘పులిట్జ’ రెండూ లఘువు, గురువు, లఘువు. అది జగణం. సూర్యగణం లఘువుతో మొదలైతే మూడూ లఘువులే కావాలి, గురువుతో మొదలైతే గలం. జగణానికి అందులో చోటు లేదు. పరదేశి పేర్లతో అందరికీ వచ్చే తిప్పలే ఇది.

విరుగుడు: పేరుకు ముందు ఒక గురువు పెట్టు. ‘ఆ పికార్డు’ అంటే ఆపి, కార్డు, రెండు గలాలు. ‘ఆ పులిట్జ’ కూడా అంతే. గురువు కుదరకపోతే రెండు లఘువులు, ‘మన పులిట్జ’ లాగా. ఇంద్రగణం చోటైతే ముందు ఒక్క లఘువు చాలు, సలం (రెండు లఘువులు, గురువు, లఘువు) వస్తుంది. ‘ముసలి యైన మనకు ముందువాఁడు పికార్డు’ అన్నప్పుడు చివరి గణం ‘డు పికార్డు’.

ఆ పికార్డు కథకు నధిపతియై వచ్చి
యా పులిట్జ రంది యలరువాఁడు
పాత నవల లోని భాష వదలిపెట్టి
నవలఁ గన్నవాఁడె నవల మఱచె

మూడో పాదం ఎందుకు ముట్టుకున్నానంటే, ‘మఱచిపోయి... మఱచె’ పునరుక్తి. సమస్యలో ఉన్న క్రియను పైపాదంలో వాడితే చివరి దెబ్బ చప్పబడుతుంది.

కూకట్‌పల్లి:
అన్నా, రెండో పాదంలో ‘ఆ’ కాకుండా ‘యా’ ఎందుకు?

నల్లకుంట:
పై పాదం ‘వచ్చి’తో ముగిసింది. క్త్వార్థమైన ఇకారానికి సంధి లేదు, అచ్చు తగిలితే యడాగమం, అంటే మధ్యలో యకారం. పాదం మారినా వాక్యం మారలేదు గదా. మొదటి పాదంలో యతి కూడా చూసుకో: ‘కథకున్ + అధిపతి’ సంధిలో ‘నధిపతి’ అయింది, అయినా లోపల ఉన్నది అకారం. ఆ–అ, స్వరయతి.

మల్కాజిగిరి:
అంతరిక్షనావ కతఁడు కొత్త సరంగు
పాత యాత్రికులకు భయము పుట్టె
గ్రహము పేరు దప్పఁ గన్నెఱ్ఱ చేయఁగా
నవలఁ గన్నవాఁడె నవల మఱచె

సీతాఫల్‌మండి:
ట్రెక్ (యాత్ర) అభిమానుల్ని ‘పాత యాత్రికులు’ అనడం భలే ఉంది. ‘సరంగు’ ఇంకా బాగుంది. ఒక అనుమానం. ‘పుట్టె’ తర్వాత ‘గ్రహము’ వచ్చింది, ‘ట్టె’ గురువు కాదా?

చిక్కడపల్లి:
కాదు. విడి తెలుగు పదం తర్వాత వచ్చిన సంయుక్తం వెనకటి అక్షరాన్ని గురువు చేయదు. సమాసంలో అయితే చేస్తుంది. ‘అంతరిక్ష’లో ‘రి’ గురువైంది చూడండి, అది ఒకే పదం.

నా ఇబ్బంది అన్వయంతో. ‘యాత్రికులకు భయము పుట్టె’ దగ్గర వాక్యం అయిపోయింది. మరి కన్నెఱ్ఱ చేసింది ఎవరు? కర్త లేడు.

తార్నాక:
నా ఇబ్బంది కథతో. గ్రహం పేరు తప్పిన గొడవ కాదది. ఆ సీరియల్ కాలం 2399. అంతకు ముందు 2385లో అంగారకుడి మీద దాడి జరిగింది, దాంతో ఫెడరేషన్ (కథలోని గ్రహాల కూటమి) రోములన్ల (దానికి ప్రత్యర్థి జాతి) కోసం కడుతున్న రక్షణ నౌకల పని ఆపేసింది. 2387లో వాళ్ల సూర్యుడు పేలి వాళ్ల గ్రహం రోములస్ పోయింది. ‘మన ఫెడరేషన్ అంత కఠినంగా ఉంటుందా’ అన్నదే పాత అభిమానుల కోపం. మంచి ప్రశ్నే, దాని చుట్టూనే కథానాయకుడు పికార్డ్ రాజీనామా కథంతా నడిచింది. షేబాన్ ఇన్‌స్టాగ్రామ్‌లో అభిమానుల ప్రశ్నలకు ఓపిగ్గా జవాబులిచ్చాడు కూడా. ఉన్న కోపం వదిలి లేని కోపం రాయడం దేనికి?

చిక్కడపల్లి:
రెంటికీ కలిపి ఒక సవరణ:

అంతరిక్షనావ కతఁడు కొత్త సరంగు
పాత యాత్రికులునుఁ బట్టి యడుగ
గ్రహము గాలు వేళఁ గాపాడ లేదని
నవలఁ గన్నవాఁడె నవల మఱచె

జవాబులు చెప్పుకోవడంలోనే పుణ్యకాలం గడిచింది, నవల రాసే తీరిక పోయిందన్న అర్థం దానంతటదే వస్తుంది.

మల్కాజిగిరి:
‘పట్టి యడుగ’ బాగుంది సార్. కన్నెఱ్ఱ పోయినందుకు కొంచెం బాధ.

నల్లకుంట:
చిట్కా అందుకున్నాను.

నావ నవల గాఁగ నాట్యమ్ము సాగంగ
వేయి యేండ్ల యొంటి వెతలు దీఱ
కథకుఁ గర్త యైన ఘనుఁడు మోహము చెంది
నవలఁ గన్నవాఁడె నవల మఱచె

‘నవల’ అంటే పాత తెలుగులో స్త్రీ. చివరి పాదంలో మొదటి ‘నవల’ ఆమె, రెండోది పుస్తకం.

తార్నాక:
అన్నా, ఇది ‘కాలిప్సో’ గదా! పికార్డ్‌కు ముందు, 2018 నవంబరులో వచ్చిన స్టార్ ట్రెక్ పొట్టి కథ. స్క్రిప్టు షేబాన్‌దే. సుమారు వెయ్యేళ్లు ఒంటరిగా తేలుతున్న నావ, దాన్ని నడిపే జోరా అనే కంప్యూటర్ గొంతు, ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిన ఒక సైనికుడు. చివర్లో ఆమె రూపం దాల్చి అతనితో నాట్యమాడుతుంది. పాత్రలు రెండే, చోటు ఒక్కటే, 20 నిమిషాల లోపు కథ. నవలాకారుడు టీవీకి రావాలంటే ఇలాంటి చిన్న తలుపు గుండా రావడమే మేలు: సెట్టు ఒకటి, పాత్రలు రెండు, మాటల మీద నడిచే కథ.

చిక్కడపల్లి:
ఈ వారానికి ఇదే తలమానికం. అయినా రెండు మాటలు. గాఁగ, సాగంగ, దీఱ – వరసగా మూడు తుమున్నులు. పద్యం మెట్లు దిగుతున్నట్టు ఊగుతోంది. అంతకన్నా పెద్దది: మొదటి పాదంలోనే ‘నావ నవల గాఁగ’ అని గుట్టు విప్పేశారు. శ్లేష చివరి పాదం దాకా మూసి ఉంచాలి. ‘నాతి’ అనండి:

నావ నాతి గాఁగ నాట్యమ్ము సాగంగ

గణం గలమే, యతి నా–నా చెదరలేదు. పాఠకుడు చివరి పాదంలో తడుముకుని, వెనక్కి వచ్చి ‘నాతి’ చూసి పట్టుకుంటాడు.

సీతాఫల్‌మండి:
పుస్తకానికి ‘నవల’ పేరు పెట్టింది కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారని సాహిత్య చరిత్రల్లో ఉంటుంది. ఆడమనిషి అర్థం దానికన్నా చాలా పాతది. అంటే ఈ పూరణలో అవ్వే మనవరాల్ని మరిపించింది.

తార్నాక:
నాదీ ఒకటి. షేబాన్‌ది కాదు, 1967 నాటిది.

ప్రతిని దిద్ది దిద్ది పరులు మార్చిన వేళ
పేరు తీయుఁ డనియెఁ బెద్ద గొడవ
తుదకుఁ దెరను జూచి తోఁచక తన దేది
నవలఁ గన్నవాఁడె నవల మఱచె

అమెరికా రచయిత హార్లన్ ఎలిసన్ గురించి. మొదటి ‘స్టార్ ట్రెక్’ సీరియల్‌లో ఆయన భాగం ‘ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్’ ఏప్రిల్ 6న వచ్చింది. ఆయన ప్రతిని ఒకరి తర్వాత ఒకరు తిరగరాశారు. నా పేరు తీసి ‘కార్డ్‌వైనర్ బర్డ్’ అని మారుపేరు వేయమన్నాడు, వాళ్లు వేయలేదు. తమాషా ఏమిటంటే తెర మీదికొచ్చిన రూపానికి హ్యూగో (సైన్స్ ఫిక్షన్ బహుమతి) వచ్చింది, ఆయన మొదటి ప్రతికి రచయితల సంఘం బహుమతి వచ్చింది.

నల్లకుంట:
చరిత్ర గట్టిది, యతులు గట్టివి. కానీ తమ్ముడూ, అది నవల కాదు, టీవీ స్క్రిప్టు. ‘నవలఁ గన్నవాఁడె’ అంటే ఎలా?

తార్నాక:
కథ అనే విశాలార్థంలో...

నల్లకుంట:
గట్ల అంటే అన్ని సమస్యలూ విశాలార్థంలోనే తీరిపోతాయి.

చిక్కడపల్లి:
ఆ దోషం ఉంది, సమస్య పాదంలో ‘నవల’ ఉండగా తప్పించుకోలేరు. మార్చగలిగింది మాత్రం మార్చుకోండి. ‘పరులు మార్చిన’ అన్నారు, ఎందుకు మార్చారో లేదు. ఖర్చు అదుపు తప్పుతుందన్నది అసలు కారణాల్లో ఒకటి. అది మొదటి పాదంలో పెట్టండి:

ఖర్చు పెరుగు ననుచుఁ గత్తిరించిన వేళ

ఖ–గ మైత్రి సరే. ‘దిద్ది దిద్ది’ కన్నా ‘కత్తిరించిన’ కరుగ్గా తగులుతుంది.

మల్కాజిగిరి:
అందరూ ‘మఱచె’నే నిజం చేస్తున్నారు. పికార్డ్ సృష్టికర్తల్లో కిర్‌స్టెన్ బేయర్ కూడా ఉంది. ‘వాయేజర్’ (మరో స్టార్ ట్రెక్ సీరియల్) నవలలు రాసి రచయితల గదిలోకి వచ్చిన మనిషి. ఆమె ఏం మరచింది? ఆ నవలలు రాయడానికి చదివిన చరిత్రే గదిలో పనికొచ్చేది. ఆమె మీద పూరణ వేస్తే సమస్య అబద్ధమవుతుంది.

చిక్కడపల్లి:
అబద్ధం కానక్కర్లేదు. ప్రశ్నగా తిప్పొచ్చు. మూడో పాదం చివర ‘ఎట్టులనఁగ’ లాంటిది పెడితే ‘మఱచె?’ అని కాకువుతో (ప్రశ్న పలికే గొంతుతో) చదువుకుంటారు. అవధానాల్లో పాత ఎత్తుగడే. గడువుకు ఇంకా రెండు గంటలుంది, వేయండి.

కూకట్‌పల్లి:
నల్లకుంట అన్న సవరించిన పద్యం మళ్లీ లెక్కేశాను. ‘నధిపతి’ నలం, ‘యై వచ్చి’ తగణం. సరేనా?

నల్లకుంట:
సరే. ‘వచ్చి’లో ‘వ’ గురువని చూశావు, చాలామంది అక్కడే జారతారు. ఇప్పుడు మూడో పాదం విడగొట్టు, ‘భాష వదలిపెట్టి’ ఎక్కడ తెగుతుందో చెప్పు.

కూకట్‌పల్లి:
భాష వ, దలిపెట్టి. భగణం, సలం.