ఎల్-2 అనలిస్టుగా టికెట్లు మూయడం దాటి దర్యాప్తు పని మొదలుపెట్టేదెలా?

ప్రశ్న (విజయనగరం):
నేను ఏడాదిన్నరగా క్లయింట్ల కంప్యూటర్లపై దాడులను కనిపెట్టే ఒక సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లో ఎల్-2, అంటే రెండో అంచె, అనలిస్టుగా ఉన్నాను. ఇల్లు కంటోన్మెంటు వైపు, ఆఫీసు హైదరాబాదులో, క్లయింట్లు విదేశాల్లో. అందుచేత రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి ఆరు దాకా ఇంటి నుంచే షిఫ్టు. మొదటి అంచె (ఎల్-1) వారు పైకి పంపే టికెట్లలో, అంటే అలర్టుల నమోదులలో, సగానికి పైగా ఒకే సర్వీస్ అకౌంటు (మనుషులు కాక ప్రోగ్రాములు వాడేది) లాగిన్ వైఫల్యాలు, అంటే విండోస్ ఈవెంట్ 4625లే. వాటిని ఫాల్స్ పాజిటివ్ (తప్పుడు అలర్టు) అని రాసి మూసేస్తున్నాను. పోయిన నెల అలా మూసినవాటిలో ఒకటి నిజమైన దాడి ప్రయత్నమని పగటి షిఫ్టువారు పట్టుకున్నారు. నష్టమేమీ జరగలేదు గాని, టికెట్టు మీద పేరు నాదే. ఆ అకౌంటును అలర్టు ఇచ్చే రూల్ నుంచి మినహాయించమంటే క్లయింటు ఒప్పుకోవడం లేదు. అనుభవం ఉన్నవారు దారి చెప్పగలరా?

జవాబు 1 (శ్రీకాకుళం):
క్లయింటు ఒప్పుకోకపోవడమే మంచిదైందండీ. అకౌంటు మొత్తాన్ని మినహాయిస్తే, రేపు ఎవరైనా అదే అకౌంటు పాస్‌వర్డును ఊహించడానికి ప్రయత్నించినా మీకు కనబడదు.

అసలు అది ఫాల్స్ పాజిటివ్ కాదు. వైఫల్యం నిజంగా జరిగింది, రూల్ సరిగానే పట్టింది, హాని మాత్రం లేదు. దానిని బినైన్ ట్రూ పాజిటివ్ అని రాయాలి. ఇది మాటల పట్టింపు అనిపించవచ్చు; కానీ మీరు ఫాల్స్ పాజిటివ్ అని రాసినన్నాళ్లూ అందరూ రూల్‌నే తప్పుపడతారు తప్ప, పాత పాస్‌వర్డుతోనే మళ్లీ మళ్లీ లాగిన్‌కు ప్రయత్నిస్తున్న ప్రోగ్రామును సరిచేసే బాధ్యత ఎవరి మీదా పడదు.

4625ను తెరిచి నాలుగు సంగతులు చూడండి. సబ్‌స్టేటస్ కోడ్ (వైఫల్యానికి కారణం చెప్పేది) చివర 6ఏ ఉంటే పేరు సరైనదే, పాస్‌వర్డు తప్పు. 64 ఉంటే అసలు ఆ పేరుతో అకౌంటే లేదు, అటువంటివి రకరకాల పేర్లతో వరుసగా వస్తుంటే ఎవరో పేర్లు తడుముతున్నారని అనుమానించాలి. లాగాన్ టైపు (లాగిన్ ఏ దారిన వచ్చిందో చెప్పేది) 4 అయితే షెడ్యూల్డ్ టాస్కు, అంటే నిర్ణీత వేళకు దానంతటదే నడిచే పని, 5 అయితే సర్వీసు, 3 అయితే నెట్‌వర్కు మీదుగా, 10 అయితే రిమోట్ డెస్క్‌టాప్. ఏ మెషీను నుంచి వచ్చింది, రెండు వైఫల్యాల మధ్య ఎడం ఎంత అన్నవి మిగతా రెండు. గంట కొట్టినట్టు ఒకే ఎడంతో వస్తుంటే సాధారణంగా అది మరచిపోయిన టాస్కే. కానీ దాడి చేసేవారూ ప్రోగ్రాములే వాడతారు కనుక దీనినొక్కదానినే నమ్మవద్దు. చివరగా, అదే మెషీను నుంచి ఆ తరువాత 4624, అనగా విజయవంతమైన లాగిన్, ఉన్నదేమో చూడకుండా టికెట్టు మూయకండి.

జవాబు 2 (బొబ్బిలి):
పై జవాబుకు ఒక్కటి చేరుస్తాను. నోట్సులో సమయం రాసేటప్పుడు అది యూటీసీయా (అంతర్జాతీయ ప్రామాణిక కాలమా), మన కాలమా అన్నది తప్పక రాయండి. మనకు రాత్రి రెండు గంటలంటే లాగులో (కంప్యూటర్లు రాసుకునే నమోదులో) ముందురోజు 20:30. ఈ అయిదున్నర గంటల తేడాతో నేనొకసారి తారీఖే తప్పు రాసి, పగటి షిఫ్టువారి చేత లేని లాగుల కోసం ఉదయమంతా వెతికించాను. రేపు మన దేశపు సంస్థ క్లయింటుగా వస్తే ఇది ఇంకా ముఖ్యం. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, నిర్దేశిత ఘటనలను గమనించిన 6 గంటల్లోగా తెలియజేయాలి, లాగులను 180 రోజులు భద్రపరచాలి. ఆ 6 గంటల లెక్కకు మీ నోట్సే ఆధారమవుతాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి పాత టికెట్లన్నీ మళ్లీ తెరిచాను. దాదాపు అన్నీ ఒకే బ్యాకప్ సర్వరు నుంచి, టైపు 4, చివర 6ఏ, సరిగ్గా పదిహేను నిమిషాలకొకటి. పగటి షిఫ్టువారు పట్టుకున్నది మాత్రం టైపు 3, మెషీను వేరు. అకౌంటు పేరు ఒకటే కావడంతో నేను కిందికి చదవనే లేదు. అకౌంటు, మెషీను, టైపు, కోడ్ నాలుగూ కలిసినప్పుడే వర్తించే మినహాయింపును ముప్పై రోజుల గడువుతో అడిగాను, టాస్కును సరిచేయమని సర్వరు బృందానికి వేరే టికెట్టు పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.