సమస్య: కన్ను మూయఁగఁ బోయెను కాంత బొట్టు (తేటగీతి)

రాయగడ (సమస్య ఇచ్చినది; ఇక్కడ అందరికీ ఊరి పేరే పేరు): చదవగానే అపశకునంలా ఉంది కదా! ఫోటో ఎడిటింగ్ వైపు తిప్పి శుభంగా పూరించండి. అక్కడ పొర (లేయర్) పక్కనుండే కన్ను గుర్తు నొక్కితే ఆ పొర దాగిపోతుంది కదా. మజ్జిగౌరి గుడిలో జరిగిన పెళ్లి ఆల్బం చేస్తుండగా మా షాపులో నిజంగా ఇదే జరిగింది. పెళ్లికూతురి తల్లి పక్కనే కూర్చుని ఉన్నారు, నాకు చెమటలు పట్టాయి.

గుణుపురం:
పెండ్లి ఫోటోకు బొట్టును వేఱు పొరను
దిద్ది, లేయర్ల వరుసలో దీని కెదుట
నున్న గుర్తును మౌసుతో నొక్కినంత
కన్ను మూయఁగఁ బోయెను కాంత బొట్టు

పర్లాకిమిడి: బాగుందండీ. యతులు నాలుగూ కుదిరాయి. ‘నొక్కినంత’, ‘మూయఁగ’ రెండూ ఒకే పని చెబుతున్నాయి. పైగా ఏ గుర్తో తెలియడం లేదు. ‘నొక్కి, దాని’ అంటే పాదం చెడదు, కన్ను ఆ పొరదేనని తేలిపోతుంది.

గుణుపురం: చిత్తం మాస్టారూ, మార్చేశాను.

రాయగడ: మా షాపు కథ ఇదిగో.
గుంపునందున నున్నట్టి కుంకుమంబు
మరచి, పైనున్న గుర్తును మా పనోఁడు
తాకినంతనే పొరలన్ని దాఁగిపోవ
కన్ను మూయఁగఁ బోయెను కాంత బొట్టు

పర్లాకిమిడి: విషయం సరైనదే. గుంపు, అంటే కలిపి కట్టిన పొరలు, దాని కన్ను మూస్తే లోపలి పొరలన్నీ దాగుతాయి. ‘నందున నున్నట్టి’ ఉత్త ఊకదంపుడు, ‘గుంపు లోపల దాచిన’ అనండి. ఇక ‘పనోఁడు’... గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరివాణ్ణి, వాడుకమాటను కొట్టేయడానికి చెయ్యి రాదు. కానీ ‘కుంకుమంబు’ పక్కన అది పట్టుపంచె మీద టీషర్టులా ఉంది.

సిరోంచ: మీరు కన్ను, కన్ను అంటున్నారు. నా ఫోటోషాప్‌లో లేయర్ల పలకే లేదు, పనిముట్ల పలకా లేదు. పొద్దున్నుంచీ టెన్షన్.

రాయగడ: ట్యాబ్ మీట తగిలి ఉంటుంది తమ్ముడూ. మళ్లీ నొక్కితే అన్నీ వస్తాయి. గింప్‌ అనే ఇంకో ఫోటో సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. లేయర్లు ఒక్కటే పోతే ఫోటోషాప్‌లో ఎఫ్7, గింప్‌లో కంట్రోల్, ఎల్. ఇంకోటి, ఫోటోషాప్‌లో ఆల్ట్ పట్టుకొని కన్ను నొక్కితే ఆ ఒక్క పొరే మిగులుతుంది. గింప్‌లో ఆల్ట్ బదులు షిఫ్ట్. బొట్టు ఎక్కడుందో అలా పట్టుకున్నాను, పెళ్లికూతురి తల్లి టీ తాగేలోపు.

సిరోంచ: వచ్చాయి అన్నా! ఈ సంబరంలో ఒక పాదం:
మీట నొక్కంగ పలకలు మిన్ను కలిసె

పర్లాకిమిడి: యతి కుదిరింది. ఇంకో రెండు పాదాలు బాకీ.