పాపకి వెల్ష్ పోనీ కొనాలా, కాబ్ కొనాలా?

తొలకరి:
అందరికీ నమస్కారం. మేం వేల్స్‌లో బ్రెకన్ దగ్గర ఉంటాం. పాపకి తొమ్మిదేళ్ళు, రెండేళ్ళుగా గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. ఇప్పుడు సొంత పోనీ, అంటే పొట్టి జాతి గుర్రం, కావాలని ఒకటే గొడవ. వెల్ష్ వాటిలో అన్నిటికంటే పొట్టి రకమైన సెక్షన్ ఎ ఆడపోనీని ఒకదాన్ని చూసొచ్చాం. బూడిద రంగు, పెద్ద కళ్ళు, గుర్రాల ఎత్తు కొలిచే హ్యాండ్లలో 11.3. పాప దాని మెడ పట్టుకుని వదల్లేదు. కానీ స్వారీ నేర్పే ఆవిడ "వెల్ష్ వాటికి తెలివెక్కువ, చూసుకోండి" అన్నారు. మా వారేమో జులైలో రాయల్ వెల్ష్ షో అనే వ్యవసాయ ప్రదర్శనలో సెక్షన్ డి కాబ్‌లని, అంటే బలమైన పెద్ద రకం వెల్ష్ గుర్రాలని, చూసిన దగ్గర్నుంచి కొంటే కాబే కొనాలంటున్నారు. పాప పెద్దయినా ఎక్కుతుంది, అవసరమైతే తనూ ఎక్కుతారట. ఆయన జన్మలో స్కూటర్ తప్ప ఏదీ ఎక్కలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

గడ్డిమోపు:
ముందు అన్నింటినీ ఒకే గాటన కట్టకండి. వెల్ష్ పోనీ అండ్ కాబ్ సొసైటీ 1901లో మొదలైంది. ఇప్పుడు వాళ్ళ లెక్కలో నాలుగు సెక్షన్లు. ఎ అంటే కొండ పోనీ, ఎత్తు 12 హ్యాండ్లు దాటకూడదు. బి, సి రెండూ 13.2 దాకా. బి సన్నగా, స్వారీకి నాజూకుగా ఉంటుంది. సి బలంగా, పొట్టి కాబ్‌లా ఉంటుంది. డి 13.2 పైన, ఆపైన హద్దు లేదు.

ఇక తెలివి సంగతి. పొట్టి గుర్రాలు యుద్ధానికి పనికిరావని ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ వాటిని లేకుండా చేయడానికి చట్టాలు తెచ్చాడు. కొండలెక్కి పట్టుకునే ఓపిక ఎవరికుంది? ఇవి మిగిలాయి. అక్కడ మేత తక్కువ, చలి ఎక్కువ, కాలు పెడితే రాయో బురదో. స్నోడోనియాలో కార్నెథై కొండల మీద ఇప్పటికీ మందలు ఏడాది పొడవునా బయటే ఉంటాయి. 2013 మార్చి మంచులో వాటిలో చాలా చచ్చిపోయాయి. అలాంటి చోట తన కాలు ఎక్కడ పెట్టాలో తనే చూసుకున్న జాతి ఇది. మన మాట వినే ముందు ఒకసారి తనూ ఆలోచిస్తుంది. నా పోనీ ఓసారి వాగు దగ్గర ఆగిపోయింది. ఎంత అదిలించినా కదల్లేదు. దిగి కర్రతో పొడిచి చూస్తే నాచు కింద మోకాలి లోతు ఊబి. ఆ రోజు నుంచి నేను అదిలించడం మానేశాను.

స్వాన్సీ సూరి:
కొనకండి. అనుభవంతో చెప్తున్నా. మా వాడికి పదేళ్ళప్పుడు సెక్షన్ ఎ కొన్నాం. ప్రకటనలో "బాంబు పేలినా బెదరదు" అని రాశారు. నిజమే, బెదరలేదు. నింపాదిగా చెట్టుకొమ్మ కిందికి వెళ్ళి వాణ్ణి కింద పడేసింది. మూడుసార్లు, అదే చెట్టు. గేటు గడియ మూతితో తీయడం వారంలో నేర్చుకుంది. పక్క పొలంలో పాడి ఆవుల పచ్చిక మేసి మేసి లామినైటిస్ అనే గిట్టల జబ్బు తెచ్చుకుంది. గిట్టలు నేలకి ఆనించలేకపోయేది. వెట్ బిల్లు చూసి మా ఆవిడకి బీపీ. ఇవన్నీ ఎందుకు, 13.2 హ్యాండ్లు అంటే 52.8 అంగుళాలే కదా, హాయిగా ఓ సెక్షన్ సి కొనుక్కోండి.

లెక్కల మాస్టారు:
సూరి గారూ, 13.2ని నాలుగుతో గుణించారా? హ్యాండ్ అంటే నాలుగు అంగుళాలు, చుక్క తర్వాతది విడి అంగుళాలు. పదమూడు హ్యాండ్ల రెండంగుళాలు. 54 అంగుళాలు, 137.2 సెంటీమీటర్లు. 13.3 తర్వాత వచ్చేది 14. 13.4 అనేది లోకంలో లేదు.

స్వాన్సీ సూరి:
అంగుళంపావు తేడాకి పాఠం చెప్పాలా మాస్టారూ? పోనీ కొనాలా వద్దా అన్నది ప్రశ్న.

లెక్కల మాస్టారు:
ఆ అంగుళంపావు మాట పోటీలో కొలకర్ర పట్టుకున్నవాడితో చెప్పి చూడండి.

మిరపకాయ్:
మా ఊళ్ళో పెళ్ళికి గుర్రం ఇంతకంటే తక్కువ చర్చతో వచ్చింది. పెళ్ళికొడుకు కూడా.

డి సెక్షన్ దాసు:
కాబ్ తరఫున మాట్లాడేవాళ్ళే లేరా? నాకు 14.3 డి ఉంది. దున్నింది ఇదే, పాల బండి లాగింది ఇదే, డాక్టర్ని ఊళ్ళు తిప్పిందీ ఇదే. పిల్లల కోసం ఉంచే మగ గుర్రాలకి లైసెన్సులు లేని రోజుల్లో మంచిదాన్ని ఎంచడానికి కార్డిఫ్ నుంచి డౌలైస్ దాకా, అదీ ఎగువకి, ట్రాట్‌లో, అంటే దుడుకు నడకలో, తోలేవాళ్ళని చెప్పుకుంటారు. గట్టివి మూడు గంటల్లోపే చేరేవట. షోలో పక్కన పట్టుకుని పరిగెత్తేవాడి ముఖం చూశారా తొలకరి గారూ? ముందు కాళ్ళు అలా విసురుతూ అది వస్తుంటే జనం ఈలలు, కేకలు. మీ వారికి పిచ్చి పట్టిందంటే నాకేం ఆశ్చర్యం లేదు. అయితే తొమ్మిదేళ్ళ పాపకి మాత్రం నేను ఇవ్వను. ఆ విసురుకి జీను మీద కూర్చోవడం నాకే నడుం నొప్పి. పైగా దాని మూపు పాప తలకంటే ఎత్తు.

గడ్డిమోపు:
సూరి గారూ, లామినైటిస్ అది తెచ్చుకోలేదు. కొండ మీద గరిక కొరికి బతకడానికి తయారైన ఒళ్ళది. దాన్ని పాడి ఆవుల పచ్చిక పక్కన పెట్టి ఒక్క గడియతో సరిపెట్టడమంటే, షుగరున్న తాతయ్య చేతికి లడ్డూల గది తాళం ఇవ్వడమే. తప్పు తాతయ్యదా?

స్వాన్సీ సూరి:
అంటే జబ్బు నేనే తెప్పించానంటారు. మీకు పొలం ఉంది, తీరిక ఉంది. నేను నైట్ డ్యూటీ దిగి వచ్చి ఎండుగడ్డి తూకం వేస్తూ కూర్చోవాలా?

గడ్డిమోపు:
వేయాలి. నానబెట్టి, నీళ్ళు ఓడ్చి, తూచి మరీ పెట్టాలి. కుదరనివాళ్ళు కొనకూడదు. మీరు మనుషులకి చెప్పాల్సిన జాగ్రత్త పోనీకి అంటగడుతున్నారు. ఇంతకీ దాన్ని ఏం చేశారు?

స్వాన్సీ సూరి:
మీకెందుకండీ?

మిరపకాయ్:
పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

స్వాన్సీ సూరి:
అమ్మేశాం. చాలా? జబ్బు సంగతి కాగితం మీద రాసిచ్చే అమ్మాం, సగం ధరకి. వాడికి పదమూడు నిండాయి, కాళ్ళు వేలాడుతున్నాయి. ఈ దేశంలో అందరూ చేసేదే. ఏడుస్తాడని వాడు స్కూలు ట్రిప్‌కి వెళ్ళినప్పుడు ట్రైలర్ పిలిపించాం. తిరిగొచ్చి ఏమీ అనలేదు. జీను మాత్రం తెచ్చి వాడి గదిలో పెట్టుకున్నాడు. మూడేళ్ళయింది, ఇంకా అక్కడే ఉంది. గుర్రం ఊసెత్తడు. అందుకే చెప్తున్నా, పిల్లలు నాలుగేళ్ళలో దాటిపోయే సైజు కొనకండి.

గడ్డిమోపు:
ఈ ముక్క ముందే చెప్పుంటే లడ్డూల మాట అనేదాన్ని కాదు. నా పోనీకి ఇప్పుడు 24. ఎనిమిదేళ్ళుగా దాని వీపు మీద ఎవరూ లేరు. మా అమ్మాయి మాంచెస్టర్ నుంచి వస్తే ఇంట్లోకి రాకముందే పొలానికి పోతుంది. అమ్మడం నాకు చేతకాలేదు, అంతే.

స్వాన్సీ సూరి:
ఎక్కని గుర్రానికి పొలం అద్దె, గిట్టలు చెక్కేవాడి కూలి, వెట్ ఖర్చు. అది అందరికీ కుదిరేది కాదమ్మా. మా నాన్న కాడెద్దులు ముసలివైతే సంతకి తోలేవాడు. ఆ రోజు అన్నం తినేవాడు కాదు. తోలడం మాత్రం ఆపలేదు.

గడ్డిమోపు:
కాదనను. ఆయన చీకట్లో తోలేవారా, మీ ముందే తోలేవారా?

స్వాన్సీ సూరి:
మా ముందే. నేనే పసుపూ కుంకుమా పెట్టేవాణ్ణి.

డి సెక్షన్ దాసు:
అమ్మకపోయినా దారి ఉంది. లోన్ మీద, అంటే కొన్నాళ్ళు అరువుగా, ఇవ్వొచ్చు. పోనీ మీ సొంతమే, ఇంకో పిల్ల ఎక్కుతుంది, ఖర్చు వాళ్ళది. చిన్న మంచి పోనీల్లో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి అలా తిరిగేవి చాలానే ఉంటాయి. కాగితం మాత్రం గట్టిగా రాసుకోండి.

తొలకరి:
మీ గొడవంతా రాత్రి మా వారికి చదివి వినిపించాను. కాబ్ అంటే అంత ఇష్టమా అని అడిగితే, "దాన్నయితే ఎప్పటికీ అమ్మక్కర్లేదుగా" అన్నారు. ఇన్నాళ్ళూ నేను షో పిచ్చి అనుకుంటున్నా. పాపని కూర్చోబెట్టి, ఈ పోనీ నీకు నాలుగైదేళ్ళే సరిపోతుంది, తర్వాత ఏం చేద్దాం అని అడిగాం. "తమ్ముడు ఎక్కుతాడు" అంది. తమ్ముడికి ఏడాదిన్నర. వాడింకా మా పిల్లిని చూసే జడుసుకుంటాడు. శనివారం మళ్ళీ వెళ్తున్నాం. మేత ఎలాంటిదో, ఇంతకుముందు గిట్టల జబ్బు వచ్చిందేమో అడుగుతాను.

స్వాన్సీ సూరి:
గేటుకి కింద కూడా ఓ గడియ పెట్టించండి. మూతితో తీయలేనిది, కాలితో తన్ని వేసుకునే రకం. పైదొక్కటే ఆగదు.

లెక్కల మాస్టారు:
తొలకరి గారూ, 11.3 అన్నారు. నాడాలు తీసి కొలిచారా, నాడాలతోనా?