ఘర్షణ వల్ల వచ్చే వేడికి ఏ బలం లెక్కలోకి తీసుకోవాలి?

2 కిలోల దిమ్మె సెకనుకు 10 మీటర్ల వేగంతో గరుకు నేల మీద జారుతోంది. ఘర్షణ బలం 10 న్యూటన్లు, స్థిరం. 2 సెకన్లలో ఆగుతుంది. గతిజ శక్తి 100 జౌళ్లలో 75 మొదటి సెకనులోనే పోతాయి, ఎందుకంటే అప్పుడే 7.5 మీటర్లు జరుగుతుంది, తర్వాత 2.5 మాత్రమే. ఇది చాలా నచ్చింది, ఇంతవరకు స్పష్టం.

ఇప్పుడు వెనక నుంచి 4 న్యూటన్లతో తోస్తూ ఉంటే? నికర బలం 6 న్యూటన్లు, దిమ్మె దాదాపు 16.7 మీటర్లు వెళ్లి ఆగుతుంది. మరి పుట్టే వేడిని 6తో లెక్కించాలా, 10తోనా? 10 తీసుకుంటే సుమారు 167 జౌళ్లు వస్తోంది, మొదట్లో ఉన్న శక్తి కంటే ఎక్కువ! మిగతా 67 తోసినవారు చేసిన పనేనా? తెలిసినవారు దయచేసి కారణంతో సహా వివరించండి.