డబుల్ బెడ్రూం కాలనీలో మెయింటెనెన్స్ డబ్బుల మీద ఓటింగ్ ఎట్లా పెట్టాలి?

ప్రశ్న: సిటీ శివారు కాలనీ. 5 బ్లాకులు, తొమ్మిదేసి అంతస్తులు, 450 ఫ్లాట్లు. షట్టర్ల కిరాయి, నెలవారీ వసూళ్లు కలిపి అకౌంట్లో 9 లక్షలున్నయి. ఏ పని చేయాల్నో కమిటీ కాకుండా అందరూ ఓటేసి తేల్చాలని ఆలోచన. చేతులెత్తమంటే గట్టిగా అరిచే బ్లాకుదే గెలుపు. పద్ధతి చెప్పండి.

జవాబు 1: ముందు దేనిమీద ఓటు పెట్టొద్దో తేల్చుకోండి. లిఫ్టుల ఏఎంసీ (ఏడాది మరమ్మతు ఒప్పందం), కామన్ కరెంటు బిల్లు, సంపు మోటరు... వీటిని ఓటుకు పెడితే కింది అంతస్తు వాళ్లు లిఫ్టుకు ఎందుకేస్తరు? ఆ ఖర్చు ఏడాదికి సరిపడా తీసి, ఇంకో 15 శాతం, అంటే 1,35,000, మోటరు కాలితేనో కేబుల్ తెగితేనో అని ఆపి, మిగిలింది ఎంతో అంతే ఓటుకు. అది 4 లక్షలైతే 4 లక్షలనే చెప్పండి. 9 లక్షలని ప్రకటించి తర్వాత కోత పెడితే మళ్లా ఎవ్వరూ రారు.

గేటు బయట వీధిదీపాలు కార్పొరేషన్ పని, రోడ్డు మీది డ్రైనేజీ లైను జలమండలి (హైదరాబాద్ నీటి బోర్డు) పని. దానికి మీ పైసలెందుకు? డ్రైనేజీకైతే జలమండలి నంబరు 155313కి ఫోన్ కొట్టండి.

జవాబు 2: ఎస్టిమేట్ లేని పని ఓటింగులోకి రావద్దు. ఒక్కో పనికి మూడు కొటేషన్లు, జీఎస్టీ కలిపి. చాలామంది 18 శాతం మర్చిపోయి చివర్ల సగం పని చేసి వదిలేస్తరు. పక్కనే ‘ఏడాదికి నడిపే ఖర్చు’ అని ఇంకో గడి ఉండాలి. సీసీ కెమెరాలు పెట్టుడు సులువే. హార్డ్ డిస్కు పోయినప్పుడు డబ్బులెవరిస్తరు?

పుణేలో 2006 నుంచి జనం పనులు సూచించే పద్ధతి ఉంది, కానీ సూచన వేరు, తీర్పు వేరు. కెనడాలోని టొరంటో ప్రభుత్వ గృహసముదాయాల్లో 2001 నుంచి కిరాయిదారులే డబ్బు ఎక్కడ పెట్టాల్నో తేల్చారు. మీకు కావాల్సింది రెండోది.

జవాబు 3: ఓటింగ్ ఆదివారం పొద్దున 7 నుంచి 12 దాకా, పార్కింగ్‌లోనే. పనికో డబ్బా, డబ్బా మీద ఫోటో, రేటు. మనిషికి మూడు ఓటు చిట్టీలు, మూడూ వేర్వేరు డబ్బాల్లోనే వేయాలి. ఒక్కో బ్లాకుకు ఒక్కో రంగు చిట్టీ ఇస్తే ఏ బ్లాకు దేనికేసిందో కనపడుతుంది. లెక్కింపు అక్కడే, అందరి ముందర.

ప్రశ్న వేసినవారు: ఫ్లాటుకో ఓటు చాలదా? పెద్ద బ్లాకు ఒక్కటే అంతా లాక్కుంటే?

జవాబు 3: ఫ్లాటుకో ఓటంటే ఇంటాయన వచ్చి వేసిపోతడు. నీళ్ల కష్టం తెలిసిన ఆడవాళ్ల మాట డబ్బాల పడదు. 18 దాటినోళ్లందరికీ ఇవ్వండి, ఆధార్ చూసి రిజిస్టర్‌ల టిక్ పెట్టండి. పెద్ద బ్లాకు సంగతి: 4 లక్షల్లో 1 లక్ష తీసి బ్లాకుకు 20 వేల చొప్పున పంచండి, వాళ్ల మెట్ల లైట్లో, బెంచీలో వాళ్లే చూసుకుంటరు. మిగతా 3 లక్షలే ఉమ్మడి పోటీ.

జవాబు 1: గెలిచిన పని పేరు, మంజూరు, ఖర్చు, బిల్లు నంబరు ప్రతి లిఫ్టు తలుపు పక్కన అతికించండి. నోటీసుబోర్డు ఎవరూ చూడరు, లిఫ్టు కోసం మాత్రం అందరూ నిలబడతరు.